వాన పడితే ఆగే లారీ

వాన మొదలవగానే గంగారత్నం లారీ మళ్ళీ ఆగిపోయింది.

ఆగిందంటే టైరు పేలీ కాదు, డీజిలు అయిపోయీ కాదు. కంప్యూటరు తెర మీద సన్నగా బూడిదరంగు గీతలు పడ్డాయి. వాన అంటే ఆ గీతలేనని కొడుకు ఎప్పుడో చెప్పాడు. గీతలు పడ్డ మరుక్షణం రోడ్డూ, లారీ, ముందు పోతున్న బస్సూ ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. స్పీకర్లలో ఇంజను చప్పుడు మాత్రం గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు ఒకే తీరున సాగుతూనే ఉంది. వెనక పన్నెండు టన్నుల లోడుంది. ఏడు మలుపులు ఎక్కింది, ఇంకో ఆరు ఎక్కితే కొండ అవతల ఊరు. ఆ ఊళ్ళో సరుకు దింపితే తప్ప ఆట ముందుకు పోదు. మార్చి నెల నుంచీ గంగారత్నం ఆ కొండ ఎక్కుతూనే ఉంది, ఏడో మలుపు దాటగానే వాన పడుతూనే ఉంది, లారీ ఆగుతూనే ఉంది. ఇప్పుడు జూలై.

"నీ వాన తగలెయ్య," అంది కంప్యూటరుతో.

అంతలో కింద మొగుడు పెద్దబ్బాయి మోపెడ్ చప్పుడు వినిపించింది. ఆ మోపెడ్ విషయంలో గంగారత్నానివి పాము చెవులు. స్విచ్చి కట్టేసింది, కీబోర్డు మీద గుడ్డ కప్పింది, పాతబట్ట చేతిలోకి తీసుకుంది. ఆయన మెట్లెక్కి, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చేసరికి మానిటరు తుడుస్తూ ఉంది.

"ఎంత తుడుస్తావే దాన్ని? అరిగిపోద్ది."

"దుమ్మండీ. హైవే పక్కన ఇల్లు గదా."

అబద్ధమే అయినా అందులో కొంత నిజం లేకపోలేదు. హనుమాన్ జంక్షన్లో పెద్ద రోడ్డుకి నూరు గజాల లోపల ఇల్లు, ఇంటి ముందు చేపల ప్యాకింగ్ షెడ్డు. కొల్లేటి చెరువుల చేపని ఐసులో పెట్టి హౌరా పంపడం పెద్దబ్బాయి వ్యాపారం. రెండు లారీలు, ఒక వ్యాను. కొడుకు మణికుమార్ చదువుకని అయిదేళ్ళ కిందట, తొంభై తొమ్మిదిలో, కొన్న కంప్యూటరు మేడ మీద గదిలో ఉంటుంది. దానికి పాత వాయిలు చీరతో కుట్టిన తొడుగులు, మానిటరు నుదుటా, పక్కనున్న పెట్టె మీదా కుంకుమ బొట్లు. కొడుకు నిరుడు హాస్టలుకి పోయాక చుట్టాలెవరైనా వస్తే పెద్దబ్బాయి తొడుగు ఎత్తి చూపించి మళ్ళీ కప్పేవాడు. స్విచ్చి మాత్రం వేసేవాడు కాదు. వేస్తే అరుగుతుందని ఆయన నమ్మకం.

ఆ రోజు తొడుగు ఎత్తలేదు. మంచం మీద కూర్చుని, "దీని సంగతి తేల్చెయ్యాలే," అన్నాడు. "ఎల్లుండి బెజవాడ తీసుకెళ్తన్నా. అప్‌గ్రేడు చేస్తే పనికొస్తదేమో అడుగుతా. పనికిరాదంటే ఎక్స్చేంజిలో ఇచ్చేసి ఫ్యాక్సు మిషను తెచ్చుకుంటా. హౌరా రేట్లు రోజూ కాయితం మీద వచ్చి పడతాయి."

అప్‌గ్రేడు అన్న మాట ఆయనకి దొరికి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో షెడ్డు రేకులు అప్‌గ్రేడు చెయ్యాలన్నాడు, వ్యాను టైర్లు చెయ్యాలన్నాడు, నిన్న మధ్యాహ్నం పులుసులో చింతపండు కూడా చెయ్యాలన్నాడు.

"ఉండనీండి ఒక మూల. మీకేం అడ్డమొచ్చింది?" అంది గంగారత్నం.

"ఎవరూ వాడంది ఇంట్లో ఎందుకు?"

నేను వాడుతున్నానన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. నలభై నాలుగేళ్ళ మనిషి, రేపో మాపో కోడల్ని తెచ్చుకోవలసిన మనిషి, మధ్యాహ్నం పూట తలుపేసుకుని లారీ ఆట ఆడుతుందంటే జంక్షనంతా చెప్పుకుంటారు. మాట మింగేసింది. లారీల మధ్య ఇరవై రెండేళ్ళ కాపురం ఆమెది. కొత్త బండి వచ్చినప్పుడల్లా కొబ్బరికాయ కొట్టిందీ, నిమ్మకాయలు కట్టిందీ తనే. కేబిన్లో మాత్రం ఒక్కసారైనా ఎక్కి కూర్చోలేదు, కూర్చోమని ఎవరూ అనలేదు. రోజుకి రెండు గంటలు, రెండింటి నుంచి నాలుగింటి దాకా, ఆ తెర ముందు ఆమె చేతి కింద ఒక బండి కదిలేది. ఆ రెండు గంటలూ పోతాయంటే ఆమెకి ఏడుపొచ్చింది. ఇంతవరకు కళ్ళతో చూడని ఫ్యాక్సు మిషను మీద పళ్ళు నూరుకుంది.

*

మర్నాడు పొద్దున్నే కొడుకు హాస్టలుకి ఫోన్ చేసింది. తిన్నావా, పడుకున్నావా, దగ్గు తగ్గిందా అన్నీ అయ్యాక, "అవున్రా, ఆ లారీ ఆటలో వాన పడితే కంప్యూటరు ఎందుకాగిపోద్ది?" అంది.

"అమ్మా, నువ్వు ఆడతన్నావా?"

"దుమ్ము తుడుస్తంటే దానంతటదే వచ్చిందిరా."

"దానంతటదే వచ్చి, దానంతటదే లోడెక్కించుకుని, దానంతటదే కొండెక్కిందా?"

"తల్లితో మాట్లాడే పద్ధతేనా అది?"

మణికుమార్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "దానికి గ్రాఫిక్స్ కార్డు లేదమ్మా. ర్యామ్ కూడా చాలదు. ఆ రెండూ వేస్తే వాన కాదు, తుఫానొచ్చినా ఆగదు. నాన్నకి చెప్పు."

"నువ్వే చెప్పు. నీ చదువుకని చెప్పు."

"నా చదువుకి కాలేజీలో ఉన్నాయిగా. ఉన్న మాట చెప్పు, ఆటకని," అని పెట్టేశాడు. చదువుకున్న పిల్లలతో ఇదే చిక్కు, అవసరానికి ఒక అబద్ధం కూడా ఆడరు.

షెడ్డులో కోటి బాక్సులు కడుగుతున్నాడు. కోటి పెద్దబ్బాయికి వరసకి తమ్ముడు. ఇరవయ్యేళ్ళు హౌరాకి లారీ నడిపి, మోకాలు పట్టేశాక ప్యాకింగు పనీ వ్యానూ చూసుకుంటున్నాడు. వదిన సంగతి అతనికి తెలుసు. మే నెలలో ఒకనాడు ఆమె కాఫీ ఇస్తూ, "లోడు బండి కొండ దిగేటప్పుడు ఏ గేరులో దిగాలయ్యా?" అని అడిగింది. "ఎక్కిన గేరులోనే దిగాలి వదినా," అని చెప్పాడు గానీ, వదినకి ఈ సంగతి దేనికా అని నాలుగు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. అయిదో రోజు వ్యాను తాళాల కోసం మేడెక్కితే తెరిచిన కిటికీలోంచి అంతా కనపడింది. ఎవరికీ చెప్పలేదు. డ్రైవరు పరువు డ్రైవరే కాపాడాలని అతని సిద్ధాంతం.

ఆ సాయంత్రం పెద్దబ్బాయి షెడ్డు నుంచే బెజవాడ కంప్యూటరు షాపుకి ఫోన్ చేశాడు. ఆయన ఫోన్లో మాట్లాడితే అవతలి మనిషికి ఫోన్ లేకపోయినా వినపడుతుంది.

"ఆ, పాతదేనండి. వేడెక్కుతదా అంటే, ఎక్కుతదేమోనండి. చల్లగా ఉంచాలా? అట్టాగే అట్టాగే. రేపు పదింటికల్లా తెస్తాం."

చల్లగా ఉంచాలన్న మాట కోటి చెవిన పడింది.

తెల్లారి కంప్యూటరు పెట్టెని గంగారత్నం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇంట్లోంచి పోయేదైతే కనీసం మర్యాదగా పోవాలని ఆమె పట్టుదల. రెండు మడతల పాలిథిన్ షీటు పరిచి, పెట్టెని మధ్యలో పెట్టి, అంచులు లోపలికి మడిచి, మూతి మెలిపెట్టి పురికొసతో మూడు ముళ్ళు వేసింది. ఖరీదైన రొయ్యకి ఐసు నీళ్ళు తగలకుండా వాళ్ళ పుట్టింట్లో చుట్టే పద్ధతి అది. చుట్టి పెద్ద థర్మోకోల్ బాక్సులో దించి, మూత పెట్టి, చీర మార్చుకోవడానికి వెళ్ళింది.

"నువ్వెక్కడికి?" అన్నాడు పెద్దబ్బాయి, ఆమె చేతిసంచీతో దిగేసరికి.

"కుక్కరు రబ్బరు పోయిందండీ."

"జంక్షన్లో దొరకదా?"

"మంచిది బెజవాడలోనే దొరుకుద్ది."

అప్పటికే కోటి బాక్సుకి టేపు వేసి వ్యానులోకి ఎక్కించేశాడు.

*

బెజవాడ వన్ టౌన్లో షాపున్న సందులోకి వ్యాను పోదు. సందు మొగలో ఆపి, కోటి బాక్సు భుజానికెత్తుకుని ముందు నడిచాడు. వెనక మొగుడూ పెళ్ళాం, వాళ్ళ వెనక ఒక పిల్లి. పిల్లి ఎందుకొస్తోందో ఎవరూ పట్టించుకోలేదు. షాపు ఒక స్టీలు సామాన్ల కొట్టు మేడ మీద ఉంది. మెట్ల మీద కోటి భుజం నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు పడుతుంటే కొట్టాయన తలెత్తి, "ఏం చేపండీ?" అన్నాడు.

"కంప్యూటరండి," అన్నాడు కోటి.

కొట్టాయన వెనక వస్తున్న పిల్లి వంక చూశాడు.

షాపు జయపాల్‌ది. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట, వెనక గోడకి చర్చివాళ్ళిచ్చిన వాక్యాల క్యాలెండరు. టేపు కోసి మూత ఎత్తి, చాలాసేపు లోపలికి చూశాడు.

"ఇదేంటండీ?"

"ఐసండి," అన్నాడు కోటి.

"ఐసని తెలుస్తందండి. ఎందుకేశారు?"

"చల్లగా ఉంచాలని మీరేగదండి ఫోన్లో చెప్పారు. గంట ప్రయాణం, ఎండ మండిపోతంది. ఎక్కువెయ్యలేదండి, రెండు గమేళాలే."

"ఫ్యాను కింద పెట్టుకోమన్నానండి," అన్నాడు జయపాల్.

పెద్దబ్బాయి నెత్తిన చేతులు పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. గంగారత్నం మాత్రం చేతులు ఐసులోకి దూర్చి మూటని పైకి తీసింది. మూడు ముళ్ళూ ఒక్కొక్కటే విప్పింది. పైమడత తడి. లోపలి మడత పొడి. పెట్టె మీద మొన్న శుక్రవారం పెట్టిన కుంకుమ బొట్టు కూడా చెదరలేదు.

జయపాల్ వేలితో రాసి చూశాడు. "చుక్క నీరు కూడా లోపలికి పోలేదండి. ఎవరు చుట్టారు?"

"మా ఆవిడ," అన్నాడు పెద్దబ్బాయి, తల మీద చేతులు తియ్యకుండానే.

"మాకు మద్రాసు నించి వచ్చే సరుకు కూడా ఇంత బాగా రాదండి మేడమ్."

కంప్యూటరు గురించి ఒకరు తనని మెచ్చుకోవడం గంగారత్నానికి అదే మొదలు. ఐసు ముక్కలు ఏరి బాక్సులో వేసింది.

జయపాల్ పెట్టెకి తీగలు తగిలించి స్విచ్చి వేశాడు. "దీన్ని ఏం పనికి వాడతారండీ? దాన్ని బట్టి చెప్తాను. లెక్కలకీ ఉత్తరాలకీ అయితే ఇదే చాలు, ఏమీ మార్చక్కర్లేదు. ఆటలకైతే కార్డు వెయ్యాలి, ర్యామ్ పెంచాలి. వాడేవాళ్ళే లేకపోతే ఎక్స్చేంజిలో ఇచ్చెయ్యండి."

"ఆ మూడోదేనండి. మావోడు హాస్టలుకి పోయాక ముట్టుకున్నోళ్ళే లేరు. ఫ్యాక్సు చూపించండి."

"లేరంటారేంటండీ," అన్నాడు జయపాల్ తెర వంక చూస్తూ. "మొన్న మధ్యాహ్నం మూడు నలభైకి కూడా వాడారుగా. లారీ ఆట. అటుమొన్న కూడా ఆడారు. రోజూ ఆడతన్నారు."

"మధ్యాహ్నం మూడింటికా? మా ఇంట్లోనా?"

పెద్దబ్బాయి చూపు గదంతా తిరిగింది. భార్య మీదుగా వెళ్ళింది, ఆగలేదు. ఆగాలని దానికి తట్టనే లేదు. పైన ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్న కోటి దగ్గరికి వచ్చి ఆగింది.

"ఒరే. నువ్వా?"

కోటి వదిన వంక ఒకసారి చూశాడు. "నేనేనన్నా," అన్నాడు.

"అందుకేనంట్రా మధ్యాహ్నం పూట షెడ్డులో కనపడవు. అక్కడ చేప మురిగిపోతంటే నువ్వు మేడెక్కి ఆటలాడతన్నావా?"

జయపాల్‌కి ఈ గొడవతో పనిలేదు. "ఆట ఎక్కడ ఆగిపోతందండి, కోటిగారూ?"

"తుని దాటాకండి."

"తునేంటండీ?"

"అక్కడ రోడ్డు పని జరుగుతందిగదండి. నాలుగు లైన్లు వేస్తన్నారు."

"ఇది ఫారిన్ ఆటండి."

"అక్కడ కూడా వేస్తన్నారేమోనండి," అన్నాడు కోటి. చెమట పడుతోంది అతనికి.

పెద్దబ్బాయి లేచాడు. "రేపటి నించి నువ్వు షెడ్డుకి రామాక. ఇంట్లోనే కూర్చుని ఆడుకో."

కోటి తల వంచుకున్నాడు, కానీ మాట మార్చలేదు. ఇరవయ్యేళ్ళు అన్న లారీలు నడిపి మోకాలు పోగొట్టుకున్నవాడు తన దుమ్ముగుడ్డ అబద్ధానికి పని కూడా పోగొట్టుకుంటుంటే గంగారత్నానికి ఒళ్ళు మండింది. మొగుడి మీద మండింది, అంతకంటే తన మీద తనకి మండింది. జంక్షనంతా చెప్పుకుంటే చెప్పుకోనీ అనుకుంది.

"కోటి కాదండీ. నేను."

"నువ్వేంటి?"

"ఆడేది నేను. రోజూ ఆడతన్నా, రెండింటి నించి నాలుగింటి దాకా. మీ మోపెడు చప్పుడు వినపడంగానే కట్టేస్తన్నా. దుమ్మూ లేదు, పాడూ లేదు."

పెద్దబ్బాయి ఆమెని ఎగాదిగా చూశాడు. "నువ్వు లారీ నడపడమేంటే?" అన్నాడు. తరవాత కోటి వంక తిరిగి, "మరి నువ్వెందుకురా నేనన్నావ్?" అన్నాడు. కోటి ఫ్యాను వంక చూశాడు.

జయపాల్ కుర్చీ గంగారత్నం వైపు తిప్పుకున్నాడు. "ఎక్కడ ఆగుతందండి మేడమ్?"

డాక్టరు దగ్గర పిల్లాడి జ్వరం గురించి చెప్పినట్టు చెప్పింది ఆమె. "కొండ మీద ఏడో మలుపు దాటంగానే వాన మొదలవుద్దండి. అప్పుడాగిద్ది. లోడు లేకపోతే ఇంకో పది గజాలు వెళ్ళిద్ది. ముందు బస్సుంటే అదీ లేదు, అక్కడికక్కడే."

"కార్డేనండి, అనుమానం లేదు. కార్డున్న దాని మీద చూద్దురుగాని రండి," అని లేచి, పక్కనున్న కొత్త కంప్యూటర్లో అదే ఆట పెట్టి కుర్చీ లాగాడు.

"నడపమనండి, చూద్దాం," అన్నాడు పెద్దబ్బాయి. చేతులు కట్టుకుని, ఓనరు నిలబడినట్టు వెనక నిలబడ్డాడు.

గంగారత్నం కూర్చుంది. లారీ కదిలింది. కొండ మొదలయ్యేసరికి ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కొండ నిండా చెట్లున్నాయి. అయిదు నెలలుగా బూడిదరంగు గోడ అనుకుంటున్నది అడివి. ఎడమ పక్క లోతున ఒక ఏరు పారుతోంది. ఇన్నాళ్ళూ నేను ఏటి పక్కనే పోతున్నానా అనుకుంది. కళ్ళు చెమర్చాయి, అంత ఏటికి కళ్ళు చెమర్చడం ఏమిటని సిగ్గు కూడా వేసింది.

మొదటి మలుపుకి చాలా ముందే బ్రేకు నొక్కింది. పాత కంప్యూటరు చెప్పిన మాట ఆలస్యంగా వినేది, అందుకని ముందే చెప్పడం అలవాటైంది. ఇది చెప్పగానే వింది. నడిరోడ్డు మీద నిలబడిపోయిన లారీని వెనక నుంచి కారొకటి వచ్చి గుద్దింది.

"అదిగో," అని నవ్వాడు పెద్దబ్బాయి.

"వదినా, ముందే నొక్కేస్తన్నావ్," అన్నాడు కోటి. "ఈ బండి మాట వింటది. మలుపు దగ్గిరికొచ్చాక నొక్కు."

మళ్ళీ మొదలుపెట్టింది. మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది. మూడో మలుపులో ఎదురుగా ట్యాంకరు వస్తే గేరు దించి పక్కకి తీసి దారిచ్చింది. పెద్దబ్బాయి నవ్వు ఆపాడు. అయిదో మలుపుకి కట్టుకున్న చేతులు విప్పాడు. ఏడో మలుపుకి ఆమె భుజం మీదుగా ముందుకి వంగి ఉన్నాడు.

వాన మొదలైంది. గీతలు కావు. చినుకులు అద్దం మీద టపటపా పడి జారుతున్నాయి. లారీ ఆగలేదు. ఆగలేదు గానీ అద్దం నిండా నీళ్ళు కమ్మేసి ముందు రోడ్డు కనపడడం మానేసింది.

"వైపరెయ్యి," అన్నాడు పెద్దబ్బాయి.

"ఎక్కడుందో నాకు తెలీదు."

"వైపరు తెలీకుండా కొండెక్కావా?"

"ఇంతకు ముందెప్పుడైనా వానలో బండి కదిలిందేంటి?"

జయపాల్ కీబోర్డు కొసన ఒక మీట చూపించాడు. దానికోసం గంగారత్నం చెయ్యి చాచగానే లారీ ఏటి వైపు ఒరిగింది.

"చేతులు తియ్యమాక," అంటూ పెద్దబ్బాయి స్టూలు ఈడ్చుకుని పక్కన కూలబడి మీట మీద వేలు పెట్టాడు. "నేను చూసుకుంటా. నువ్వు రోడ్డు చూడు."

ఒకసారి నొక్కితే ఒకసారి తుడుస్తుంది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ నొక్కాలి. పెద్దబ్బాయి నొక్కుతూనే ఉన్నాడు. లారీలో ఎడమ పక్కన కూర్చుని అద్దం తుడిచేది, ఆ పక్క రోడ్డు చూసి డ్రైవరుకి కేకేసేది క్లీనరు. ఓనరు ఆ పని చెయ్యడం కోటి తన సర్వీసులో చూడలేదు. జయపాల్ దగ్గరికి జరిగి, "అన్న క్లీనరయ్యాడండి," అన్నాడు మెల్లగా.

పెద్దబ్బాయికి వినపడలేదు. "ఎడం పక్క చోటుంది. రానీ. రానీ. ఆగాగు, బస్సొస్తంది. ఇంక రానీ."

"ఇంతకీ ఫ్యాక్సు తియ్యమంటారా, కార్డు వెయ్యమంటారా అండీ?" అని అడిగాడు జయపాల్, అలవాటు కొద్దీ పెద్దబ్బాయినే.

"ఉండవయ్యా, వానలో ఉన్నాం," అని కసిరాడాయన, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "డ్రైవర్ని అడుగు."

గంగారత్నం కూడా కళ్ళు తిప్పలేదు. "కార్డు వెయ్యండి బాబూ," అంది. "ఆ వైపరు మీట కాస్త నా చేతికి అందేట్టు మార్చడానికి వీలవుద్దేమో కూడా చూడండి."

"మార్చడమెందుకు? నేను నొక్కుతాగా," అన్నాడు పెద్దబ్బాయి. ఎనిమిదో మలుపు వస్తోంది. ఆయన మీట నొక్కాడు.